తుఫాను షెల్టర్లో ఆడవాళ్లపై హింస: శ్రీకాకుళం తీర పీహెచ్‌సీ సిబ్బందికి సమగ్ర మార్గదర్శి

మన జిల్లాకి తుఫాను ఎప్పుడొస్తుందో కేలండరు చూసి చెప్పొచ్చు. పైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11, గులాబ్ 2021 సెప్టెంబరు 26. అందుకే ఆగస్టు దాటకముందే పీహెచ్‌సీల్లో పాముకాటు మందు, ఓఆర్‌ఎస్, బ్లీచింగు పౌడరు, జనరేటరుకి డీజిలు లెక్క చూసుకుంటాం. నెలలు నిండిన గర్భిణుల జాబితా రాసి ముందే పెద్దాసుపత్రికి తరలిస్తాం. షెల్టర్లోనో, కరెంటు పోయిన పేటలోనో ఒక ఆడమనిషి మీద చెయ్యి పడితే ఆమెకి ఏ మందు ఇవ్వాలి, ఎవరివ్వాలి అన్నది మాత్రం ఆ ఏర్పాట్లలో కనపడదు. అడిగితే ‘రిఫర్ చేస్తాం’ అంటారు.

మామూలు రోజుల్లో అది సరైన జవాబే. 108 వస్తుంది, టెక్కలికో శ్రీకాకుళం రిమ్స్‌కో తీసుకెళ్తుంది. తిత్లీ తెల్లవారి ఉద్దానంలో ఏ రోడ్డు చూసినా కొబ్బరి చెట్లు, జీడిమామిళ్లు అడ్డంగా పడున్నాయి. చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. లైంగిక దాడి తర్వాత హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మాత్ర 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర ఎంత ఆలస్యమైతే అంత తక్కువ పనిచేస్తుంది. ఆ గంటలన్నీ రోడ్డు తెరుచుకోవడంలోనే కరిగిపోతాయి. కాబట్టి ఈ వైద్యంలో తొలి భాగం పీహెచ్‌సీలోనే, వీలైతే షెల్టర్లోనే జరగాలి. మిగతా భాగానికి రోడ్డు తెరుచుకున్నాక రిఫర్ చేయొచ్చు.

విపత్తు వైద్యంలో ప్రపంచమంతా పాటించే మిస్ప్ అనే కనీస సేవల ప్యాకేజీ కూడా ఇదే చెబుతుంది. ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తే సేవలు మొదలుపెడదామని కూర్చోకూడదు. హింస జరుగుతూనే ఉంటుందనుకుని మొదటి రోజు నుంచే మందు, గది, మనిషి సిద్ధంగా ఉండాలి. ‘మా మండలంలో అలాంటివి లేవు’ అనే మాట నేను చాలాసార్లు విన్నాను. అలా అన్నచోట చెప్పుకోవడానికి చోటు లేదని అర్థం చేసుకోవాలి.

మొదటి పని: ఆగస్టులో మందుల పెట్టె

ఒక ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. దాని మీద ఏ పేరూ రాయొద్దు, ఒక నంబరు చాలు. తాళం చెవి ఒకటి స్టాఫ్ నర్సు దగ్గర, ఇంకోటి మెడికల్ ఆఫీసరు దగ్గర ఉండాలి. ఫార్మసిస్టు సెలవులో ఉన్న రోజున స్టోరు గది తెరవలేక మందు ఆగిపోకూడదు.

లోపల ఉండాల్సినవాటిలో ముఖ్యమైనది టీఎల్‌డీ సీసా. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన హెచ్‌ఐవీ మాత్ర (ఏఆర్‌టీ మందు) అది. రోజుకొకటి చొప్పున 28 రోజులు వేసుకోవాలి. ఒక సీసాలో 30 మాత్రలు ఉంటాయి కనక ఒక మనిషికి ఒక సీసా. ‘ఏఆర్‌టీ మందు మా పీహెచ్‌సీకి ఇవ్వరు’ అని ఊరుకోకండి. సూది గుచ్చుకున్న సిబ్బందికి ఇచ్చేదీ ఈ మందే. ఆ కారణం రాసి ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగు కేంద్రం) ద్వారా ముందే ఇండెంటు పెట్టండి. కనీసం రెండు సీసాలైనా పెట్టెలో ఉండాలి.

గర్భనిరోధానికి లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర. ఆశా కార్యకర్తల కిట్‌లో వచ్చే ఈజీ పిల్ అదే. సుఖవ్యాధులకు మనకి అలవాటైన రంగు కిట్లు సరిపోతాయి: బూడిదరంగు కిట్‌లో అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకోనజోల్ 150. ఇవికాక టీడీ (ధనుర్వాతం రాకుండా వేసే) ఇంజెక్షను, హెపటైటిస్-బి టీకా, గర్భపరీక్ష స్ట్రిప్పులు, హెచ్‌ఐవీ పరీక్ష కిట్లు, నొప్పి మాత్రలు, వాంతి మాత్రలు, కుట్లు వేసే సామాను పెట్టాలి. ఒక కొత్త నైటీ, లోదుస్తులు, ప్యాడ్లు, తువ్వాలు కూడా ఉండాలి. ఒంటిమీది బట్టలు సాక్ష్యంగా తీసుకుంటే ఆమె ఏం కట్టుకుని వెనక్కి వెళ్తుంది? ఈ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

హెపటైటిస్ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తుఫాను హెచ్చరిక రాగానే ఐస్‌ప్యాకులన్నీ గడ్డ కట్టించి ఉంచండి, కరెంటు పోయాక ఐఎల్‌ఆర్ (టీకాల ఫ్రిజ్) మూత ఊరికే తెరవకండి. సాక్ష్యాల కోసం కాగితపు కవర్లు, లక్క, కార్బన్ పేపర్లు, ఒంటి బొమ్మ ముద్రించిన ఫారాలు పాలిథీన్ సంచిలో చుట్టి పెట్టండి. తడిసిన ఫారం మీద పెన్ను నడవదు.

డబ్బా మూతకి లోపలివైపు ఒక కాగితం అంటించండి: 108, 112, మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లలకి 1098, మనసు బాగోలేనప్పుడు టెలీమానస్ 14416, ఉచిత న్యాయసాయం 15100. దాని కింద హింసకి గురైన మహిళలకి సాయం చేసే వన్ స్టాప్ సెంటరు నంబరు, ఏఆర్‌టీ సెంటరు డాక్టరు నంబరు, రెండు కిలోమీటర్లు నడిచైనా రాగలిగిన లేడీ డాక్టరు నంబరు.

రెండో పని: షెల్టర్లో గది చూసుకోవడం

తుఫాను షెల్టరు అంటే చాలాచోట్ల పెద్ద హాలు, వరండా, పక్కన స్కూలు గదులు. వైద్యశిబిరం బల్ల వరండాలోనే వేస్తాం, జనం కంటికి కనపడాలని. జ్వరాలకి అది చాలు. ఈ పనికి తలుపు ఉన్న గది కావాలి. చీర అడ్డం కడితే చూపు ఆగుతుంది గానీ మాట ఆగదు.

గది బయట ‘హింస బాధితుల సహాయ కేంద్రం’ అని బోర్డు పెట్టారంటే ఆ గుమ్మం ఎవరూ తొక్కరు. ‘గర్భిణులకు, తల్లులకు పరీక్షలు’ అని పెట్టండి. బీపీ చూపించుకునేవాళ్లు, చంటిబిడ్డకి బరువు చూపించుకునేవాళ్లు, ప్యాడ్లు అడగడానికొచ్చేవాళ్లు అందరూ అదే గదిలోకి వెళ్తుంటే ఎవరు ఏ పనిమీద వెళ్లారో హాల్లో ఎవరికీ అంతుచిక్కదు. ప్యాడ్ల పంపిణీ కూడా ఆ గదిలోనే, ఆడవాళ్ల చేతే జరగనివ్వండి. అప్పుడు ప్రతి ఆడమనిషీ ఒక్కసారైనా ఆ గది చూస్తుంది.

వీఆర్వోతోనూ సచివాలయం మహిళా పోలీసుతోనూ మాట్లాడి మరుగుదొడ్ల సంగతి తేల్చుకోండి. విపత్తు సేవల అంతర్జాతీయ ప్రమాణాల్లో ఆడవాళ్ల దొడ్లు మగవాళ్లవాటికి మూడు రెట్లు ఉండాలని రాసుంది. మనకి అన్ని దొరకవు. ఉన్నవాటికి లోపలివైపు గడియ, దారిలో రాత్రంతా ఒక లైటు, నీళ్ల ట్యాంకరు దగ్గరా వెలుతురు ఉంటే సగం ప్రమాదం తగ్గుతుంది. గడియ పనిచేస్తుందో లేదో మీరే లోపలికెళ్లి వేసి చూడండి, మాట నమ్మకండి.

మత్స్యకార పేటలైతే ఇంకొకటి గమనించాలి. మగవాళ్లు ఆగస్టులోనే గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకి వెళ్లిపోతారు. అక్టోబరు తుఫానుకి ఇళ్లలో ఉండేది ముసలివాళ్లు, పిల్లలు, ఆడవాళ్లు. కాపలా పేరుతో ఎవరొచ్చి ఎక్కడ పడుకుంటున్నారో మీ ఆశా కార్యకర్తకి తెలిసుండాలి.

మూడో పని: ఆమె వచ్చినప్పుడు

ముందు ప్రాణం. రక్తం ఆగకపోవడం, స్పృహ తప్పడం, విపరీతమైన కడుపునొప్పి, ఎలుకల మందో పురుగుమందో తాగడం ఉంటే మిగతావన్నీ తర్వాత. మెడ నొక్కిన కేసులో పైకి గుర్తేమీ కనపడకపోవచ్చు. గొంతు బొంగురుపోయిందా, మింగడం కష్టంగా ఉందా, కంటి తెల్లగుడ్డులో ఎర్రచుక్కలు ఉన్నాయా చూడండి. ఉంటే నడవగలుగుతున్నా సరే, పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే.

చాలామంది ఆ మాటతో రారు. తలనొప్పి అంటారు, నిద్ర లేదంటారు. అదే ఫిర్యాదుతో రెండోసారి వచ్చి, చెప్పాల్సింది చెప్పకుండా బల్ల మీద గుడ్డ మడతపెడుతూ కూర్చుంటే రిజిస్టరు మూసేయండి. తోడొచ్చినవాళ్లని, అత్తనైనా సరే, ‘బీపీ చూడాలి, కాసేపు బయట కూర్చోండి’ అని పంపండి. తర్వాత మాట ఇలా సాగొచ్చు:

‘ఏటమ్మా, అలగున్నావు?’

‘ఏటీ లేదు సిస్టరమ్మా.’

‘ఉంటే సెప్పు. సెప్పకపోయినా పర్లేదు, మందిస్తాను. నీకు తెలీకుండా ఎవరికీ సెప్పను. కాకపోతే కొన్ని సంగతులు ఇంటే పోలీసులకి కబురు పెట్టాలని నా ఉద్యోగం రూలు. అందుకే అదేటో ముందే సెప్పేస్తాను. ఇన్నాక నీకెలగ కావాలో నువ్వే సూసుకో.’

ఈ చివరి మాట ఆమె నోరు విప్పకముందే చెప్పాలి. చెప్పించుకున్నాక చట్టం తీయడం దగా కిందకే వస్తుంది.

ఆ తర్వాత మన పని వినడం. ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పమని అడక్కండి. వైద్యానికి కావాల్సింది కొంచెమే: ఎప్పుడు జరిగింది, ఎక్కడ నొప్పి, చివరి బహిష్టు ఎప్పుడు, ఏ మందులైనా పడవా. ‘ఒక్కదానివి ఎందుకెళ్లావు’, ‘అరవలేదా’, ‘మీ ఆయనకి తెలుసా’ అన్న మూడు ప్రశ్నలూ ఏ గదిలోనూ వినపడకూడదు. ‘ఇందులో నీ తప్పేమీ లేదు’ అని గట్టిగా, స్పష్టంగా, ఒకసారి చెప్పండి. తర్వాత అడగాల్సింది: ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు? అతను ఇదే షెల్టర్లో ఉన్నాడా? చచ్చిపోవాలనిపిస్తోందా? చివరిది సూటిగానే అడగాలి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు.

ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా మాట్లాడేవాళ్లు, కొండ ఊళ్లలో సవరలు ఉంటారు. మాట మార్చి చెప్పడానికి బంధువునీ, ఊరి పెద్దనీ, పిల్లల్నీ వాడొద్దు. ఆ భాష తెలిసిన ఏఎన్‌ఎమ్‌తో ఫోన్లోనైనా మాట్లాడించండి.

నాలుగో పని: గడియారం చూసి మందు

టీఎల్‌డీ తొలి మాత్ర వీలైనంత త్వరగా, 72 గంటల్లోపు వేయాలి. హెచ్‌ఐవీ పరీక్ష ఫలితం కోసం ఆగొద్దు. ఆమె పరీక్ష వద్దన్నా తొలి మాత్ర ఆపొద్దు. 72 గంటలు దాటితే అది ఇక పనిచేయదు, మిగతా వైద్యం మాత్రం చేయాలి. చిన్నపిల్లలకి బరువును బట్టి మందు మారుతుంది, ఏఆర్‌టీ సెంటరు డాక్టరుకి ఫోను చేసి అడగండి.

లెవోనార్జెస్ట్రెల్ ఒకే మోతాదు, 120 గంటల వరకు ఇవ్వొచ్చు. రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ ఇవ్వాలి. ఇది గర్భస్రావం మాత్ర కాదు. అప్పటికే గర్భం ఉన్నా బిడ్డకి హాని లేదు. అందుకే గర్భపరీక్ష స్ట్రిప్పులు అయిపోయాయని ఆపాల్సిన పని లేదు. అదే అయిదు రోజుల్లో కాపర్-టి వేస్తే ఇంకా బాగా పనిచేస్తుంది, వేసే నర్సు ఉండి ఆమె ఒప్పుకుంటే.

అన్నీ ఒకేసారి ఖాళీ కడుపున మింగిస్తే అన్నీ కక్కేస్తుంది. ముందు నాలుగు మెతుకులు తిననివ్వండి, వాంతి మాత్ర ఇవ్వండి, తర్వాత గర్భనిరోధక మాత్ర, టీఎల్‌డీ, బూడిదరంగు కిట్. ఆకుపచ్చ కిట్ మర్నాటికి ఇచ్చినా నష్టం లేదు. అయితే గర్భిణికి ఆకుపచ్చ కిట్ డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు. హెపటైటిస్-బి టీకా ఎప్పుడూ వేయించుకోకపోతే 14 రోజుల్లోపు తొలి డోసు, తర్వాత నెలకి, ఆరు నెలలకి. గాయముంటే, మట్టి తగిలితే టీడీ.

28 రోజుల మాత్రలు ఇంట్లో ఎక్కడ దాస్తుందో కూడా మాట్లాడుకోండి. ఏఆర్‌టీ సీసాని ఎవరైనా గుర్తుపడితే ఆమెకి ఇంకో గండం. ఐరన్ మాత్రల డబ్బాలోకి మార్చి ఇస్తే ఎవరూ అడగరు. తేమ తగలకుండా సీసాలోని చిన్న పొట్లాన్ని అందులో వేయడం మరవొద్దు. ఇంట్లోవాళ్లు ఐరన్ అనుకుని మింగకుండా, పిల్లల చేతికి అందకుండా ఉంచమని చెప్పండి.

అయిదో పని: పరీక్ష, సాక్ష్యం, కాగితం

పరీక్షకి ఆమె ఒప్పుకోవాలి. 12 ఏళ్లు నిండితే తానే ఒప్పుకోవచ్చని 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొత్తానికి ఒప్పుకోవచ్చు, కొంత మేరకే ఒప్పుకోవచ్చు, మధ్యలో వద్దనొచ్చు. వద్దంటే అది రాసి సంతకం తీసుకోండి, మందు మాత్రం ఇవ్వండి. పోలీసులు గదిలో ఉండకూడదు. లేడీ డాక్టరు లేరని పెద్దవాళ్లకి పరీక్ష ఆపకూడదు. మగ డాక్టరైతే పక్కన నర్సు ఉండాలి. 18 ఏళ్ల లోపు ఆడపిల్లని మాత్రం లేడీ డాక్టరే చూడాలని పోక్సో చట్టం.

యోనిలో వేళ్లు పెట్టి చూసే ‘రెండు వేళ్ల పరీక్ష’ చేయొద్దు. సుప్రీంకోర్టు 2013లోనే తప్పు పట్టింది, 2022లో అలా చేసేవాళ్లది దుష్ప్రవర్తన అని తేల్చింది. గాయం లేకపోతే ‘దాడి జరగలేదు’ అని రాయడం కూడా మన పని కాదు. భయంతో బిగుసుకుపోయినవాళ్లకి, బెదిరింపుకి లొంగినవాళ్లకి గాయాలుండవు.

శరీరం నుంచి నమూనాలు 96 గంటల వరకు తీయొచ్చు. బట్టలు తడిగా ఉంటే ఎండలో వేయకుండా నీడలో ఆరబెట్టి కాగితపు కవర్లో సీలు వేయాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పడుతుంది. తుఫాను తేమలో ఆరడానికి రాత్రంతా పడుతుంది, ఆ గదికి తాళం వేసి చెవి ఎవరి దగ్గరుందో రాయండి. సాక్ష్యాల కిట్ లేకపోతే నమూనాలు వదిలేసి గాయాలన్నా పద్ధతిగా రాయండి: చోటు, కొలత, రంగు, బొమ్మ మీద గుర్తు. ఆమె మాటని ఆమె చెప్పినట్టే రాయండి. ‘నాను ఒల్లనన్నాను’ అంటే అలాగే పడాలి. దాన్ని ‘ప్రతిఘటించినట్లు తెలిపినది’ అని ఆఫీసు తెలుగులోకి దింపితే రేపు కోర్టులో ఆమె ముందు పెట్టేది మీ మాట, ఆమెది కాదు.

పోలీసు సంగతి

ఎఫ్‌ఐఆర్ ఉంటేనే చూస్తామనడం నేరం. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397 సెక్షను ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి, పోలీసులకి తెలియజేయాలి. చేయకపోతే భారతీయ న్యాయ సంహిత 200 సెక్షను కింద ఏడాది వరకు జైలు. తెలియజేయడం మన విధి, ఆమె వాంగ్మూలం ఇవ్వాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వద్దంటే ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసుల) రిజిస్టరులో ‘సమాచారమిచ్చాం, ఆమె ఫిర్యాదుకి ఇష్టపడలేదు’ అని రాయండి. రోడ్లు మూసుకుపోయి తన స్టేషనుకి వెళ్లలేకపోతే ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి.

18 ఏళ్ల లోపు పిల్లలైతే, మగపిల్లాడైనా సరే, పోక్సో 19 సెక్షను కింద చెప్పి తీరాలి. అందులో మినహాయింపు లేదు.

మొగుడి చేతి దెబ్బలు

షెల్టర్లకొచ్చే హింసలో ఎక్కువ భాగం బయటివాడిది కాదని నా అభిప్రాయం. పడవ పోయింది, తోట పోయింది, పరిహారం డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్న గొడవ, పైన మందు. ఈ దెబ్బలకి కట్టు కట్టి ‘సర్దుకుపోమ్మా’ అని పంపడం మనకి బాగా అలవాటు.

2005 గృహహింస చట్టం ప్రకారం ఆసుపత్రి వైద్యం నిరాకరించకూడదు. ఫారం-1 అనే గృహహింస నివేదిక అప్పటికి ఎవరూ రాయకపోతే ఆసుపత్రి ఇన్‌చార్జే నింపి రక్షణ అధికారికి పంపాలి, వైద్య నివేదిక నకలు ఆమెకి ఉచితంగా ఇవ్వాలి. నకలు ఇంటికి తీసుకెళ్తే ప్రమాదమంటే మీ దగ్గరే దాచండి. ‘అతన్ని వదిలేసి రా’ అని సలహా ఇవ్వకండి. ఆధార్, రేషను కార్డు, పాస్‌బుక్కు ఎక్కడున్నాయి, అర్ధరాత్రి లేస్తే ఏ ఇంటికి వెళ్తావు, పిల్లల్ని ఎవరు తెస్తారు అని మాట్లాడండి. గర్భిణి అయితే కడుపు మీద దెబ్బ పడిందా, రక్తం కనపడిందా తప్పనిసరిగా అడగండి.

వాట్సాప్

తుఫాను రోజుల్లో మండలం గ్రూపులో ఫొటోలు వరదలా వస్తాయి. ఆమె పేరు, ఊరు, ఫొటో, ‘ఫలానా షెల్టర్లో ఒక కేసు’ అన్న మాట, ఏదీ అందులోకి వెళ్లకూడదు. పేరు బయటపెడితే న్యాయ సంహిత 72 సెక్షను కింద రెండేళ్ల వరకు శిక్ష. రోజువారీ నివేదికలో ఊరు వారీగా ‘1’ అని రాసినా చిన్న పేటలో అది పేరు చెప్పినట్టే. జిల్లా మొత్తంగా సంఖ్య ఇవ్వమని డీఎంహెచ్‌వో (జిల్లా వైద్యారోగ్యశాఖాధికారి) కార్యాలయాన్ని ముందే అడిగి ఒప్పించుకోండి. మంత్రిగారో ఎమ్మెల్యేగారో పరామర్శకొస్తే ఆ గది చూపించకండి.

ఆరో పని: తర్వాతి మూడు నెలలు

జనం షెల్టరు ఖాళీ చేసి ఎటువాళ్లు అటు వెళ్లిపోయాక ఆమెని వెతకడం కష్టం. అందుకే తొలిరోజే అడిగి పెట్టుకోండి: ఫోను ఎవరి దగ్గరుంటుంది, ఏ వేళ చేయాలి, ఇంకొకరు ఎత్తితే ఏమనాలి. ‘బీపీ మాత్రలకి రమ్మన్నారని చెప్పండి’ అన్నది ఎవరికీ అనుమానం రాని మాట.

వారానికల్లా ఒకసారి, మళ్లీ రెండు వారాలప్పుడు ఒకసారి చూడండి. 28 మాత్రలు పూర్తి చేయలేకపోయేది వికారం వల్లే ఎక్కువ; రాత్రి అన్నం తిన్నాక వేసుకోమంటే చాలామందికి తగ్గుతుంది. మూడు వారాలకి గర్భపరీక్ష. గర్భం వచ్చి ఆమె వద్దనుకుంటే 20 వారాల వరకు ఒక డాక్టరు, 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో తీయించుకునే హక్కు 2021 సవరణ తర్వాత అత్యాచార బాధితులకి, మైనర్లకి ఉంది. హెచ్‌ఐవీ పరీక్ష ఆరు వారాలకి, మళ్లీ మూడు నెలలకి. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం మొదటి నెలలో సహజం. మూడు నెలలకీ వంటా, పనీ చేసుకోలేకపోతుంటే మానసిక వైద్యుడికి చూపించండి. పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి దరఖాస్తు చేయొచ్చని చెప్పి, రాయడంలో సాయం చేయండి.

ఆశా కార్యకర్త సంగతి ఆఖరున చెబుతున్నా, నా లెక్కలో చిన్నది కాదు. ఆమెదీ అదే ఊరు. నిందితుడి ఇల్లు ఆమె ఇంటికి మూడిళ్ల అవతల ఉండొచ్చు. ఆమె పేరు సాక్షిగా రాసేముందు ఆమెని అడగండి. ఆ మహిళని పీహెచ్‌సీకి తీసుకొచ్చింది ఆమేనని ఊళ్లో తెలియకుండా, వెనక్కి వెళ్లేటప్పుడు ఇద్దరినీ వేర్వేరు ఆటోల్లో పంపండి.